రగ్గుల కింద శీతకాలం

ఆ రోజుల్లో పుస్తకంలో చదివిన విషయానికీ, చేత్తో చేసే పనికీ మధ్య కొంత దూరం ఉంటుందని నాకు తెలియదు. మా వంశంలో నాకు ముందు కళాశాల మెట్లు ఎక్కినవారు లేరు కనుక ఆ సంగతి చెప్పగలిగినవారు కూడా ఇంట్లో లేరు. వృక్షశాస్త్రంలో ఎమ్మెస్సీ పట్టా పుచ్చుకొని వచ్చిన మరునాటి నుంచే మా నాయన వైద్యం, కోర్టు వ్యవహారం, పంపుసెట్టు మరమ్మతు, ఈ మూడింటికీ నా సలహా అడగడం మొదలుపెట్టారు. నేను మూడింటికీ ఎంతో బాధ్యతగా సలహా చెప్పాను (పంపుసెట్టు ఆ తరువాత తిరగలేదు). ఇప్పుడు చెప్పబోయేది ఆ స్వభావం గల యువకుడు కువైట్‌లో చేసిన ఒక పొరపాటు గురించీ, దాన్ని దిద్దుకోవడానికి పడిన పాట్ల గురించీ. ఇందులో ఒక మనిషి ప్రాణం ఇమిడి ఉంది కనుక, నవ్వు వచ్చిన చోట కూడా కొంచెం మెల్లగా నవ్వవలసిందిగా మనవి చేసుకుంటున్నాను.

నా చదువు సంగతి ముందు చెప్పాలి. మాది రాయచోటి దగ్గర పల్లె. వేసవిలో రాళ్ళు పగులుతాయా అన్నంత ఎండ. అటువంటి చోట పుట్టినవాణ్ణి, తిరుపతి హాస్టల్లో ఒక మే నెల మధ్యాహ్నం తల మీద తడి తువ్వాలు వేసుకుని, మంచు కప్పిన కొండల మీద జీవరాశి చలికాలాన్ని ఎలా గడుపుతుందో వివరించే ఒక అధ్యాయం చదివాను. పైన గాలి మైనస్ ముప్ఫై డిగ్రీలు ఉన్నా, మూడడుగుల మంచు కింద నేల సున్నాకు అటూ ఇటూగా నిలకడగా ఉంటుందట. అక్కడ, మంచుకూ నేలకూ మధ్య ఏర్పడే సన్నని సందులో, చిట్టెలుకలు దారులు చేసుకుని, గడ్డి వేళ్ళు కొరుక్కుంటూ హాయిగా బతుకుతాయట. మంచు చల్లనిదే కాని, దాని రేకుల మధ్య చిక్కుకున్న గాలి మాత్రం కంబళిలా పనిచేస్తుందట. ఆ ఎలుకల మీద నాకు కలిగిన ప్రేమ వర్ణించలేను. వెంటనే గైడు గారి దగ్గరకు వెళ్ళి, నేను శీతకాల జీవావరణ శాస్త్రం చదువుతానని విన్నవించుకున్నాను. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "మంచు ఎప్పుడైనా చూశావా నాయనా?" అని అడిగారు. "తిరుమల కొండ మీద పొగమంచు చూశానండి" అన్నాను. ఆయన కళ్ళజోడు మళ్ళీ పెట్టుకున్నారు. చివరికి, "హిమాలయాల్లో చలికాలం శిక్షణ ఇచ్చే కేంద్రం ఒకటి ఉంది. దరఖాస్తు పెట్టు. ఈలోగా కాస్త చలికి అలవాటు పడు" అన్నారు. మొదటి రెండు వాక్యాలూ ఆయన దయతో అన్నవి. మూడోది హాస్యానికి అన్నది. నేను మూడింటినీ ఆదేశాలుగానే తీసుకున్నాను.

అప్పటికి మా అక్క కువైట్‌లో, రుమైథియాలోని ఒక ఇంట్లో ఇంటిపనికి కుదిరి ఆరేళ్ళయింది. ఆమె పనిచేసే ఇంటి మామా (ఇంటి యజమానురాలిని అక్కడ పనివాళ్ళు అలాగే పిలుస్తారు) తమ్ముడికి అబూ హలీఫాలో చేపలూ మాంసమూ నిలవచేసే శీతల గిడ్డంగి ఉండేది. అందులో లెక్కరాసే గుమాస్తా కావాలన్నారు. అక్క వీసా తెప్పించింది. గిడ్డంగిలో గది ఉష్ణోగ్రత మైనస్ పద్దెనిమిది అని ఆమె రాసిన ఉత్తరం చదివి, అంత గొప్ప ఉద్యోగం మరొకరికి దక్కకముందే నేను విమానం ఎక్కాను. అక్కడ మిగిలినవాళ్ళు ఆ గదిలోకి వెళ్ళడమంటే శిక్షగా భావించేవారు. నేను మాత్రం పని లేకపోయినా వెళ్ళేవాణ్ణి. గొట్టాల మీద నాలుగంగుళాల మందాన తెల్లగా నురగలా పేరుకున్న మంచు నా హిమాలయం. దానిలో చెంచాతో గుంటలు తవ్వి, పొరలు కొలిచి, నాలుగు చోట్ల ఉష్ణమాపకాలు వేలాడదీసి, ఒక బౌండు పుస్తకంలో ఉదయం సాయంత్రం రాసుకునేవాణ్ణి. నా కఫీల్ (వీసా ఇచ్చిన యజమాని) అది చూసి, ఇంత కష్టపడే గుమాస్తా తనకు ముందెన్నడూ దొరకలేదని సంతోషించాడు. జూన్ నెలలో, బయట కాకులు నోరు తెరిచి ఆయాసపడుతున్నప్పుడు, కువైట్‌లో జలుబుతో మంచం పట్టినవాణ్ణి బహుశా నేనొక్కణ్ణే. పై అంతస్తుల్లో ఉండే మన కడప, రాజంపేటవాళ్ళు నాకు 'ఐసు అయివారు' అని పేరు పెట్టారు (అయివారంటే మా వైపు పంతులు). దాన్ని గౌరవంగానే స్వీకరించాను.

ఆగస్టు మొదటి వారంలో ఒక ఉదయం లేచేసరికి పొరుగు దేశపు సైన్యం వచ్చి, దేశం చేతులు మారింది. దాని గురించి పెద్ద మాటలు నాకు చేతకావు. రోడ్డు మీద ట్యాంకుల జాడలు, మూసిన దుకాణాలు, ఎక్కడో దూరంగా లేస్తున్న నల్లటి పొగ, ఎవరూ ఎవరినీ ఏమీ అడగని ఒక నిశ్శబ్దం, ఇవే గుర్తున్నాయి. కఫీల్ కుటుంబంతో సౌదీ వైపు వెళ్ళిపోతూ గిడ్డంగి తాళాలు నా చేతిలో పెట్టి, నా బుగ్గ మీద తట్టి కారెక్కాడు. మూడో రోజు మధ్యాహ్నం రుమైథియా నుంచి అక్క వచ్చింది. ఆమెను తీసుకొచ్చింది ఆ ఇంటి డ్రైవర్ చాచా. ఆయన మా రాయచోటి మనిషే, యాభై ఐదేళ్ళు దాటినవాడు. యజమానులు వెళ్ళిపోయాక, తనొక్కడే వెళ్ళదలిస్తే ఎప్పుడో వెళ్ళేవాడు. దారిలో ఐదు చోట్ల సైనికులు ఆపినా, అక్క తన కూతురని చెప్పి, కారు పోగొట్టుకుని, చివరి మూడు మైళ్ళు నడిపించుకుని తెచ్చి నాకు అప్పగించాడు. అక్క చేతిలో బట్టల మూట, ఒక పెద్ద రగ్గు ఉన్నాయి. చాచా చేతిలో మాత్రం ఒక ఫ్లాస్కు.

"ఏముంది చాచా, టీ నా?" అని అడిగాను.

"టీ కాదు బేటా, నా ఆయుస్సు" అన్నాడు మూత తీసి చూపిస్తూ. లోపల కరిగిన ఐసు నీళ్ళలో మూడు చిన్న గాజు సీసాలు. ఇన్సులిన్. చాచాకు పదేళ్ళుగా చక్కెర జబ్బు. పొద్దున ఒక సూది, సాయంత్రం ఒక సూది పడకపోతే ఆ మనిషి నిలబడలేడు. మందుల షాపులు అప్పటికే ఖాళీ. ఆసుపత్రిలో అడిగితే లేదన్నారట. మనవాళ్ళను ఎప్పుడు ఇంటికి పంపుతారో ఎవరికీ తెలియదు. ఆ మూడు సీసాలే ఉన్నాయి.

పైన మా గదుల్లో ఒక చిన్న ఫ్రిజ్ ఉండేది. అక్క దాంట్లో పెడదామంది. నేను ఒప్పుకోలేదు. "ఇరవై మంది రోజుకు నూరుసార్లు తెరుస్తారు. కింద ఇంత పెద్ద శీతల గది పెట్టుకుని ఆ డబ్బా ఎందుకు? చల్లదనం గురించి నాకు వదిలేయండి" అన్నాను. ఆ చివరి వాక్యం నా చెవుల్లో ఇప్పటికీ వినపడుతుంది. వాడుకలో ఉన్న సీసాను చాచా సాయంత్రం సూదికని తన దగ్గరే ఉంచుకున్నాడు. మిగిలిన రెండింటినీ నేను స్వహస్తాలతో తీసుకెళ్ళి, మంచు అన్నిటికంటే దట్టంగా ఉన్న చోట, నా మూడో నంబరు ఉష్ణమాపకం పక్కన పెట్టి, సమయం వేసి పుస్తకంలో రాసుకున్నాను.

మరునాడు ఉదయం అవి రాళ్ళయ్యాయి. కరగబెడితే తెల్లటి మందు గడ్డలు గడ్డలుగా, పాలు విరిగినట్టు అడుగున చేరింది. చాచా ఒక సీసాను కిటికీ వెలుగులోకి ఎత్తి చాలాసేపు చూశాడు.

"డాక్టరు చెప్పినాడు బేటా, గడ్డకట్టిందంటే అది నీళ్ళతో సమానం అని. నీ చదువులో ఇది లేదా?"

"ఉంది చాచా. కణాలను మంచు ఎలా చంపుతుందో ఒక అధ్యాయమే ఉంది. చదివాను."

"చదివినావు గదా, మరి?"

ఆయన కోపంతో అడగలేదు. నిజంగా తెలుసుకోవాలని అడిగాడు.  అక్క రెండో సీసాను తుడిచి గూట్లో పెట్టింది. ఆమె నన్ను తిట్టి ఉంటే బాగుండేదని ఆ రోజంతా అనుకున్నాను. ఇక మిగిలింది ఒక్క సీసా. తిండి తగ్గించుకుని, మందు తగ్గించుకుని వాడితే మూడు నాలుగు వారాలు వస్తుందని చాచా లెక్క. ఆ రోజు నుంచి ఆయన పూటకు ఒక్క రొట్టె తినడం మొదలుపెట్టాడు. నేను సీసాను పై ఫ్రిజ్‌లో పెట్టి, దాని ముందు కుర్చీ వేసుకుని కూర్చున్నాను. ఎవరు తలుపు తెరవబోయినా "పనేమిటి?" అని అడిగేవాణ్ణి.

వారం తిరక్కుండానే మా వీధికి వచ్చే కరెంటు తీగ ఎక్కడో కాలిపోయింది. ఫ్యాను ఆగింది, ఫ్రిజ్ ఆగింది, కింద గిడ్డంగి మోటార్ల మోత కూడా ఆగింది. గది లోపలే నలభై డిగ్రీల పైన వేడి. ఆ వేడిలో ఇన్సులిన్ ఎన్నో రోజులు నిలవదని చాచాకు తెలుసు. ఆయన గోడకు ఆనుకుని కూర్చుని, "అల్లా ఉన్నాడులే" అన్నాడు. ఆ మాట ఆయన నన్ను ఓదార్చడానికే అన్నాడని నాకు అర్థమైంది. అప్పుడే నాకు ఆ చిట్టెలుక జ్ఞాపకం వచ్చింది.

కింద గిడ్డంగిలో చేపల కోసం తెచ్చిన పొడవాటి ఐసు దిమ్మలు గోడవారగా నిలిపి ఉన్నాయి. మోటారు ఆగింది కనుక అవి ఇక మైనస్ పద్దెనిమిదిలో ఉండవు. నెమ్మదిగా సున్నాకు వచ్చి, కరుగుతున్నంతకాలం సున్నా దగ్గరే నిలుస్తాయి. దిమ్మలను చదరంగా పేర్చి, మధ్య సందులో తువ్వాలు చుట్టిన సీసాను ఐసుకు తగలకుండా ఉంచి, చుట్టూ గాలిని బంధించే కంబళి వేస్తే, అది అచ్చంగా కొండ మీది మంచు కింద ఎలుక ఇల్లు. గడ్డకట్టదు, వేడెక్కదు. ఈసారి తొందరపడలేదు. దిమ్మలు చెమర్చి, మొదటి చుక్క నేల మీద పడేదాకా సీసాను లోపల పెట్టేది లేదని నిర్ణయించుకున్నాను. కావలసింది ఒక్కటే, కంబళ్ళు.

అవి మా భవనంలో ఎన్ని ఉన్నాయో చెప్పనక్కరలేదు. కువైట్‌లో మనవాళ్ళ ప్రతి మంచం కిందా జిప్పు ఉన్న ప్లాస్టిక్ సంచిలో ఒక రగ్గు ఉంటుంది. పులి బొమ్మదో, గులాబీలదో, నెమలిదో. దాన్ని కొన్నవాళ్ళు ఎన్నడూ కప్పుకోరు. అది ఊరికి పోయేది. మా అక్క రగ్గు ఆమె అత్తగారిది. "నేను సచ్చేలోగా కువైట్ రగ్గు ఒకటి కప్పుకోవాల" అని ఆవిడ ఆరేళ్ళుగా ప్రతి ఉత్తరంలోనూ రాయిస్తోంది. అటువంటి రగ్గుల జిప్పులు తీసి, ఐసుకు కప్పాలని నేను అడిగేసరికి భవనం మొత్తం మెట్ల మీదకు వచ్చింది. అందరి తరఫునా మాట్లాడింది పెద్దమ్మ. రాజంపేట మనిషి, అరబ్బుల ఇళ్ళల్లో పదిహేనేళ్ళుగా వంటచేసి, ముగ్గురు యజమానుల పిల్లలను పెంచినది. ఆమెను ఎదిరించి గెలిచినవాళ్ళు మా భవనంలో లేరు.

"ఏంది నాయినా, ఐసుకు రగ్గు కప్పుతావా? ఐసుకు సలిజొరం వచ్చిందా?"

"కాదు పెద్దమ్మా. రగ్గు కప్పితే ఐసు కరగదు."

"రగ్గు కప్పితే ఎచ్చగుంటాదా, సల్లగుంటాదా? అది చెప్పు ముందు."

"మనిషికైతే వెచ్చగా ఉంటుంది."

"మనిషికి ఎచ్చగ, ఐసుకు సల్లగనా? రగ్గుకేం కండ్లుండాయా, ఎవురికి కప్పినారో చూసి పనిచేసేదానికి? రెండు బుడ్లు రాయి చేసినావు, సాలదా? ఆ ముసలాయన్ని బతకనీ."

అందరూ నవ్వారు. చాచా కూడా నవ్వాడు. నేను గాలి పొరల గురించి, ఉష్ణవాహకత్వం గురించి పావుగంట ఉపన్యసించాను (ఆ ఉపన్యాసం వల్ల మరింత నష్టం జరిగింది). చివరికి అక్క అడ్డుపడింది. "అబ్బీ, నోటితో చెప్పొద్దు. చేసి చూపీ" అంది. ఆ మాట నా గైడు గారు కూడా ఎన్నడూ చెప్పలేదు.

ఒకే కొలత గల రెండు ఐసు ముక్కలు కొట్టించి, మెట్ల కింద నీడలో రెండు బేసిన్లలో పెట్టాను. ఒకదానికి పెద్దమ్మ పాత బొంత చుట్టాను. రెండోది ఊరికే వదిలాను. ఉదయం పదింటికి మొదలైన ఆ పరీక్షకు నా జీవితంలో ఏ పరీక్షకూ రానంత జనం వచ్చారు. సాయంత్రం నమాజు పిలుపు వినిపించేసరికి కప్పని బేసిన్‌లో ఉత్త గోరువెచ్చని నీళ్ళు. పెద్దమ్మ స్వయంగా వంగి బొంత విప్పింది. లోపల సగానికి పైగా ముక్క నిగనిగలాడుతోంది. ఆమె దాన్ని వేలితో తాకి, ఆ వేలు చీర కొంగుకు తుడుచుకుని, అందరి వైపూ తిరిగింది.

"అయితే రగ్గులో ఎచ్చ అనేదే ల్యా. ఎచ్చ అంతా మనదే. అది పోకుండా పట్టుకుంటాది, అంతే. పదైదేండ్లు కప్పుకున్యా, ఈ ముక్క ఒకరూ చెప్పలా." తరువాత స్వరం మార్చింది. "చూస్తాండారేంది? తీండి సంచులు!"

మొదట జిప్పు తీసింది అక్క. తరువాత వరుసగా పదకొండు రగ్గులు దిగాయి. ఒక్కొక్క రగ్గుతో ఒక్కొక్క షరతు. ఒకరిది అడుగున వేయకూడదు, ఒకరిది చేపల పెట్టెలకు తగలకూడదు. పెద్దమ్మ రగ్గు మీది పులి మాత్రం అన్నిటికంటే పైన, తలుపు వైపు చూస్తూ ఉండాలి. అన్ని షరతులూ పుస్తకంలో రాసుకుని, దిమ్మలు చెమర్చాక, చాచా సీసాను ఆ సందులో పెట్టాను. ఒక ఉష్ణమాపకం దాని పక్కనే. మరునాడు ఉదయం చూస్తే నాలుగు డిగ్రీలు. ఆ అంకె చూసి నేను చలి గదిలో, చీకట్లో, చేపల వాసన మధ్య నిలబడి ఏడ్చాను.

ఆ తరువాతి రోజులు ఒకదాన్ని పోలి ఒకటి నడిచాయి. పొద్దునా సాయంత్రం నేను ఒక్కణ్ణే లోపలికి వెళ్ళి, సీసా తెచ్చి, చాచా మందు ఎక్కించుకున్నాక తిరిగి పెట్టి, తలుపు తెరిచి ఉన్న కాలం రాసుకునేవాణ్ణి. "బేటా, నా పెండ్లి ముహూర్తానికి గూడా ఎవురూ ఇంతగా గడియారం చూడలా" అనేవాడు చాచా. ఎవరైనా తీగ అతికితే ఎప్పుడైనా గంటో రెండు గంటలో కరెంటు వచ్చేది. అందరూ చప్పట్లు కొట్టేవారు. నేను మాత్రం సీసా మళ్ళీ గడ్డకడుతుందేమోనని మెట్ల మీద పడుతూ లేస్తూ కిందికి పరుగెత్తి, దాన్ని బయటికి తీసి, మోటారు ఆగి, దిమ్మలు మళ్ళీ చెమర్చేదాకా తడి గుడ్డలో పెట్టుకుని కాపలా కాసేవాణ్ణి. కరెంటు వస్తే బెంగపడినవాడు ఆ దేశంలో నేను తప్ప మరొకడు ఉండడు.

అలా ఉండగా ఒక ఉదయం గిడ్డంగి ముందు సైన్యపు లారీ ఆగింది. ఇద్దరు సైనికులు దిగారు. ఒకడు లారీ దగ్గరే ఉండిపోయాడు. రెండోవాడు నెరిసిన మీసాలతో, నిద్రలేని కళ్ళతో, తుపాకీ భుజాన వేసుకుని వచ్చి తాళం తీయమన్నాడు. మాంసం కావాలి. తాళంచెవి నా చేతిలోంచి రెండుసార్లు కిందపడింది. చాచా, పెద్దమ్మ నా వెనుకే వచ్చారు. సైనికుడు తలుపు బార్లా తెరిచి టార్చి వేశాడు. బయటి వేడి గాలి బుస్సుమని లోపలికి దూరింది. దిమ్మల మీది నుంచి చుక్కలు టపటపా రాలడం వినిపిస్తోంది. నేను వేళ్ళ మీద క్షణాలు లెక్కపెడుతున్నాను. పెద్దమ్మకు మాత్రం పదిహేనేళ్ళ అలవాటు నోటి నుంచి దానంతట అదే దూకింది. యజమానుల పిల్లలను ఫ్రిజ్ దగ్గర ఎలా అదిలించేదో అలాగే, "సిక్ ఇల్ బాబ్!" అని కసిరింది. తలుపు వెయ్యి అని.

తుపాకీ ఉన్న మనిషి ఉలిక్కిపడి వెనుక చేత్తో తలుపు వేశాడు. వేశాక, తను ఎందుకు వేశానా అని ఆలోచిస్తున్నట్టు ఆమె వైపు చూశాడు. ఆ తరువాత టార్చి వెలుగు నెమ్మదిగా గది మధ్యకు జరిగింది. అక్కడ, ఐసు దిమ్మల మీద, మనిషంత పొడవుగా, రగ్గులు కప్పిన ఒక ఆకారం. అడుగు నుంచి నీళ్ళు కారుతున్నాయి.

సైనికుడు "ఎవరు?" అని అరబ్బీలో అడిగాడు.

అతడేమనుకున్నాడో నాకు అర్థం కావడానికి రెండు క్షణాలు పట్టింది. ఆ రోజుల్లో శ్మశానానికి తీసుకెళ్ళే దారి లేనివాళ్ళు తమవాళ్ళను ఇటువంటి చోట్ల ఉంచవలసి వచ్చేదని విన్నాం. సత్యం చెప్పడం నా విధి అని నేను నోరు తెరిచాను (అది ఎలుక ఇల్లు అని చెప్పడానికి అరబ్బీ మాటలు కూడబలుక్కుంటున్నాను కూడా). పెద్దమ్మ నా కాలు తొక్కింది. తను మాత్రం కొంగు తల మీదకు లాక్కుని తల వంచుకుంది.  చాచా రగ్గుల వైపే చూస్తున్నాడు. ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అవి నటన కావు. ఆ రగ్గుల కింద ఉన్నది ఆయనకు మిగిలిన రోజులే.

నెరిసిన మీసాల సైనికుడు తుపాకీని వీపు వైపుకు నెట్టి, రెండు అరచేతులూ ఎత్తి, పెదవులతో ఏదో చదువుకున్నాడు. చాచా కూడా చేతులు ఎత్తాడు. ఇద్దరూ ఒకేసారి ముఖం తడుముకున్నారు. ఆ మనిషికి కూడా ఎక్కడో ఎవరో ఉండి ఉంటారు. చేపల పెట్టెలు రెండు మాత్రం తీసుకుని, బయటికి వెళ్ళి, శబ్దం కాకుండా తలుపు తనే మూశాడు. లారీ వెళ్ళిపోయిన చప్పుడు విన్నాక ముగ్గురం నేల మీద కూలబడ్డాం.

ముందు మాట్లాడింది చాచా. "నా జనాజాకు, నా సావుకు నేనే పోయినట్టుండాది బేటా. బాగానే జరిగింది, ఏం లోటు ల్యా."

"నోరు మూసుకో భాయ్" అంది పెద్దమ్మ, కళ్ళు తుడుచుకుంటూ. ఆ తరువాత నన్ను చూసి, "నువ్వేంది రాస్తాండావు అప్పుడే?" అంది.

తలుపు తెరిచి ఉన్న కాలం, ఒకటిన్నర నిమిషం. అది రాసుకుంటున్నాను.

ఐసు రోజురోజుకూ కుంగింది. చదరం కాస్తా చిన్నదై, చివరికి రెండు దిమ్మల మధ్య ఒక తువ్వాలు మాత్రమే మిగిలింది. ఉష్ణమాపకం ఆరు, ఏడు, తొమ్మిది చూపించింది. చాచా బుగ్గలు లోపలికి పోయాయి. రొట్టె సగమైంది. ఆకలి వేయడం లేదని ఆయన, నాకు తెలుసునని నేను, ఇద్దరం ఒకరికొకరం మర్యాదగా అబద్ధాలు చెప్పుకున్నాం. ఇక ఐసు మరో రెండు రోజులకు మించి నిలవదనుకున్న ఉదయం, బస్రా మీదుగా వెళ్ళే బస్సులో మా నలుగురితో సహా భవనంలో అందరి పేర్లూ ఉన్నాయని కబురు వచ్చింది. ఆఖరి ఐసును పగలగొట్టి ఫ్లాస్కులో నింపి, మధ్యలో సీసాను నిలబెట్టాను. తడిసి చేపల కంపు కొడుతున్న రగ్గులను ఎవరూ మోయలేమన్నారు. వాటిని డాబా పిట్టగోడ మీద ఆరేసి దిగివచ్చాం. పులులూ గులాబీలూ నెమళ్ళూ ఎండలో వరుసగా వేలాడుతూ ఆ ఖాళీ భవనం మీద మిగిలిపోయాయి. అక్క మాత్రం తన అత్తగారి రగ్గును వదల్లేదు. బస్రా నుంచి బాగ్దాద్, అక్కడి నుంచి జోర్డాన్ సరిహద్దు దాకా ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. బస్సులో ఎవరికి ఊపిరి ఆడకపోయినా, ఆ వాసనకు మూలకారణం మేమేనని ఎవరికీ చెప్పలేదు.

సరిహద్దు దాటాక ఎడారిలో గుడారాల ఊరు. ఎటు చూసినా జనం, నీళ్ళ బండ్ల దగ్గర వరుసలు. ఒక గుడారంలో వైద్యం చేస్తున్నారు. చాచాను భుజం మీద వాల్చుకుని అక్కడికి తీసుకెళ్ళాను. ఒక మలయాళీ నర్సు ఆయన వేలి నుంచి రక్తపు చుక్క తీసి చూసి, ముఖం చిట్లించి, పెట్టెలో నుంచి కొత్త ఇన్సులిన్ సీసా తీసింది. అప్పుడు ఆమె దృష్టి మా ఫ్లాస్కు మీద పడింది. సీసాను ఎత్తి చూసింది. అడుగున ఇంకా నాలుగు రోజులకు సరిపడా మందు ఉంది. "ఇన్నాళ్ళు దీన్ని ఎలా ఉంచారు?" అని హిందీలో అడిగింది.

ఈ ప్రశ్న కోసమే నేను దాదాపు నెల రోజులుగా ఎదురుచూస్తున్నాను. బౌండు పుస్తకం తెరిచి, గొంతు సవరించుకుని, "ముందుగా మంచుపొర ఉష్ణ లక్షణాల గురించి చెప్పాలి" అని మొదలుపెట్టాను. ఆమె నా వెనుక గుడారం దాటి సాగిన వరుసను ఒకసారి చూసి, "తడి ఇసుక పోసిన కుండలో పెట్టినా సరిపోయేది తమ్ముడూ" అని, ఆ సీసాను పక్కనున్న చెత్తడబ్బాలో వేసింది. ఎక్కడెక్కడ తిరిగిందో తెలియని మందును ఆమె వాడనివ్వదు. అది సరైన పని. టంగుమని ఒక చిన్న చప్పుడు అయింది. అంతే.

నేను డబ్బాలోకి వంగి, "పారేసే ముందు ఒక్కసారి ఉష్ణోగ్రత చూసుకోవచ్చా అండీ?" అని అడిగాను. ఆమె నన్ను కూడా పరీక్షించవలసి ఉంటుందేమో అన్నట్టు చూసింది.

చాచా నా భుజం పట్టుకుని బయటికి నడిపించాడు. కొత్త సూది పడినందుకేమో, నా మీద వాలకుండా తనే నడుస్తున్నాడు. "ఏడుస్తాండావా?" అన్నాడు. "లేదు చాచా, ఇసుక" అన్నాను. ఆయన నవ్వాడు. "దాంట్లోది మొత్తం నాలోనే ఉండాది బేటా. ఆ అడుగున మిగిలింది ఆమెకు ఇచ్చినామనుకో. పద, అక్కడ రొట్టెలు పంచుతాండారు. ఇప్పుడు నేను తినొచ్చు."

ఆయన నాలుగు రొట్టెలు తిన్నాడు, నేను పక్కన కూర్చుని చూశాను. ఆ తరువాత నేను చదవవలసినవి ఎన్నో చదివాను, వాటిలో కొన్ని పిల్లలకు చెప్పాను కూడా. అయినా, తన ఎదుట ఒక మనిషి బతికి నిలబడి ఉండగా ఆయనను చూడక, చెత్తడబ్బాలోకి ఉష్ణమాపకం దించాలని తాపత్రయపడిన ఆ ఇరవై నాలుగేళ్ళ యువకుడు తలపుకు వచ్చినప్పుడల్లా, వెళ్ళి వాడి భుజం పట్టుకుని ఇటు తిప్పాలనిపిస్తుంది. ఆ పని చాచా అప్పుడే చేశాడు కనుక, నేను ఇంత దూరం నుంచి చిరునవ్వుతో సరిపెట్టుకుంటాను.